చదరంగపు ఎత్తులకు పత్రికలో చోటివ్వండి

సంపాదకుల వారికి,

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఓడించి మన గుకేశ్ ప్రపంచ చదరంగ చాంపియన్ అయ్యాడు. మర్నాడు నేను చదివిన పత్రికల్లో అతని ఫొటోలు, బాల్యం, బహుమతి సొమ్ము అన్నీ ఉన్నాయి. వాళ్ల పోరులో చివరిదైన పద్నాలుగో గేమ్ ఎలా ముగిసిందన్నది మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

చదరంగ అభిమానికి ఆ ముగింపే ప్రాణం. డ్రా దిశగా సాగుతున్న ఆటలో 55వ ఎత్తుకు డింగ్ పొరపాటున తన రూక్‌ను (ఏనుగును) ఎఫ్2 గడికి తెచ్చాడు. వాలుగా కదిలే అతని బిషప్ అప్పటికే మూలన, ఏ8లో ఉంది. రూక్‌లు పరస్పరం పోగానే గుకేశ్ తన బిషప్‌ను డి5లో, సరిగ్గా దానికి ఎదురుగా నిలిపాడు. ఇక బిషప్‌ల మార్పిడి తప్పదు. మిగిలినవి రాజులు, బంట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. 58 ఎత్తులకే ఆట ముగిసింది. చిన్న బోర్డు బొమ్మ వేస్తే బడిపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి ఇది.

ఫోనులో ప్రత్యక్షంగా చూడవచ్చు కదా అంటారు. చూస్తూనే ఉన్నాం. 2024 ఏప్రిల్‌లో ప్రపంచ చాంపియన్‌తో తలపడే ఆటగాణ్ని తేల్చే టొరంటో క్యాండిడేట్స్ టోర్నీ ఆటలు మనకు అర్ధరాత్రి మొదలైనా మేలుకుని చూశాం. కానీ 2025 జులైలో బతూమిలో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ మహిళల ప్రపంచకప్ ఫైనల్లో సమానంగా నిలిచి, విజేతను తేల్చే టైబ్రేక్ ఆడుతున్నప్పుడు, విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక అరుగు మీద కొందరు పిల్లలు ఒకే ఫోను చుట్టూ మూగి ఉండగా చూశాను. తెర మీద బోర్డు పక్కన, ఎవరిది పైచేయో చూపే కంప్యూటర్ అంచనా గీత హంపి వైపు పెరిగితే చప్పట్లు, దివ్య వైపు మొగ్గితే నిట్టూర్పులు. బోర్డు మీద ఎవరి దృష్టీ లేదు. "ఎందుకు గెలుస్తోందమ్మా?" అని అడిగితే ఒక పాప "కంప్యూటర్ చెబుతోంది తాతగారూ" అంది. ఆ పిల్లల తప్పేమీ లేదు. విడమరిచి చెప్పే మనిషి పక్కన లేడు, అంతే.

విజయవాడ నుంచి హంపి, గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, వరంగల్ నుంచి అర్జున్ ఎరిగైసి లాంటి మేటి ఆటగాళ్లు వచ్చారు. మన జిల్లా పిల్లలకూ ఆ ఆటల రుచి తెలియాలి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నవాళ్లం కనుక గ్రంథాలయ అధికారులను అడుగుతున్నాను: పెద్ద టోర్నీలు జరిగే రోజుల్లో జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సాయంత్రాలు ఒక గది కేటాయించండి. ఒక తెర, గోడకు తగిలించే ఒక బోర్డు, ఎత్తులు వివరించే ఒక అనుభవజ్ఞుడు చాలు. పుస్తకాలు చదువుకునేవారికి ఇబ్బంది లేకుండా తలుపు వేసుకోవచ్చు.

ఇక మీ పత్రికకు నా విన్నపం. క్రీడల పేజీలో వారానికి ఒక బోర్డు బొమ్మ, ఒక ఆట ఎత్తులు, నాలుగు వాక్యాల తెలుగు వివరణ వేయండి. చోటు చాలకపోతే విజేత ఫొటోను కొంత తగ్గించండి. ఆటలు ఎంచి వివరణ రాయడానికి మా ఊళ్లో రేటింగ్ ఉన్న ఆటగాళ్లను అడిగాను. ప్రతిఫలం లేకుండా రాసి ఇవ్వడానికి ఇద్దరు ఒప్పుకున్నారు.

– ఒక చదరంగ అభిమాని, విజయనగరం