ఆర్డర్ వచ్చాక ఏం జరుగుతుందో కూడా చూడండి మంత్రిగారూ

రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రిగారికి,

నమస్కారం సార్. నేను జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఒకదాని మీద మా మామ, ఇంకోదాని మీద మా ఆయన కూర్చుంటారు, అత్తమ్మ కండెలు చుడుతుంది. చీరల ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం, ఆర్డర్లు చూసుకోవడం, పార్సిళ్లు కట్టడం నా పని. డిగ్రీ చదివిన కోడలు వచ్చింది కదా, మధ్యలో ఎవరూ లేకుండా మనమే అమ్ముకుందామని మూడేళ్ల కింద ఈ పని నాకు అప్పగించారు. అప్పటి నుంచి రెండు మూడు శిక్షణలకు పోయాను. అన్నిట్లోనూ అకౌంట్ ఎట్లా తెరవాలి, ఫొటో ఎట్లా తీయాలి, ఇవే చెప్పారు. ఆర్డర్ వచ్చాక పార్సిల్ ఎవరు తీసుకుపోతారు, అది వెనక్కి వస్తే నష్టం ఎవరిది, ఈ ముచ్చట ఒక్కసారి కూడా రాలేదు. ప్రభుత్వాల ఈ-కామర్స్ పాలసీలన్నీ కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతున్నాయి, అందుకే ఈ ఉత్తరం.

పోయిన దసరా ముందు జరిగింది చెప్తాను. ఒక పెద్ద సైట్ ద్వారా మా చీర ఒకటి పోయింది. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండింటి పోగుల్నీ నేతలోనే ఒకదానితో ఒకటి కలపాలి, కన్ను తిప్పితే కుదరదు. ఆ చీరకు మా ఇంట్లో ఆరు రోజులు పట్టింది. పన్నెండో రోజున అది తిరిగొచ్చింది, కారణం దగ్గర 'రంగు తేడా' అని రాసి ఉంది. విప్పి చూస్తే మడతలు మావి కావు, కొంగు సెంటు వాసన కొడుతోంది, కింది అంచు వెంట ఈ చివర నుంచి దాదాపు ఆ చివర దాకా సన్న సన్న సూది రంధ్రాలు. ఫాల్ కుట్టించి, కట్టుకుని, మళ్లీ ఫాల్ విప్పి పంపారన్నమాట. అత్తమ్మ అంచును గడప దగ్గర వెలుతురుకు పట్టి చూసింది, ఒక్క మాట అనలేదు, మడిచి బీరువాలో పెట్టింది. నేను ఫిర్యాదు పెడితే పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉందా అన్నారు. అట్లా తీయాలని నాకు తెలియదు. కేసు మూసేశారు, పోనూ రానూ కొరియర్ ఖర్చు మాకు రావాల్సిన డబ్బుల్లోంచే పట్టుకున్నారు.

కొనేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు సార్. 2020లో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల్లో, కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెల లోపల తేల్చాలి అని ఉంది. మంచి నియమం, నేను కూడా ఆన్‌లైన్‌లో కొంటాను కదా. కానీ అమ్మే మాకు అట్లాంటి గడువు ఆ నియమాల్లో లేదు. షాపు నడిపే సేఠ్‌కు వంద చీరల్లో ఒకటి పాడైతే మిగతావాటిలో సర్దుకుంటాడు, నెలకు ఏడెనిమిది చీరలు నేసే ఇంటికి ఒక్క చీర పోతే వారం కూలి పోయినట్టే.

ఇక జీఎస్టీ. మా ఊరు తుంగభద్ర ఒడ్డున ఉంది, సుంకేసుల బరాజ్ దగ్గర్లోనే, నది దాటితే కర్నూలు జిల్లా. పెళ్లి బట్టలకైనా, ఆసుపత్రికైనా మేం ఎక్కువగా పోయేది కర్నూలుకే. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకాలుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి కర్నూలు ఆమె మా ఇంటికి వచ్చి చీర కొనుక్కుపోతే ఏ ఇబ్బందీ లేదు. అదే ఆమె ఫోన్‌లో సైట్ తెరిచి మా చీరే ఆర్డర్ పెడితే అది వేరే రాష్ట్రానికి అమ్మకం, ఏడాదికి ఒక్క చీర అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 2023 అక్టోబర్ 1 నుంచి సైట్ల ద్వారా అమ్మే చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సడలింపు ఇచ్చారు, అది కూడా సొంత రాష్ట్రంలో అమ్ముకునేవాళ్లకే. దేశమంతా అమ్ముకోవచ్చనే కదా సార్ ఆన్‌లైన్‌కు వచ్చేది! రిజిస్ట్రేషన్ తీసుకుంటే అమ్మకాలు లేని నెలల్లోనూ రిటర్న్ వేయాలి, సున్నా రిటర్న్ ఆలస్యమైనా రోజుకు 20 రూపాయల ఫైన్ పడుతుంది, పైగా ఆడిటర్ ఫీజు వేరే. మా వీధిలో ఇద్దరు ఈ టెన్షన్ పడలేక ఆన్‌లైన్ మానేసి మళ్లీ నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గరే కూలికి నేస్తున్నారు. ఇది జీఎస్టీ కౌన్సిల్ తేల్చాల్సిన విషయమని తెలుసు. ఆ కౌన్సిల్‌లో మన రాష్ట్రానికి కుర్చీ ఉంది, చేనేతకైనా ఈ సడలింపును రాష్ట్రం దాటిన అమ్మకాలకు కూడా ఇవ్వమని మన తరఫున అడగాలి.

వేరే దేశాలు ఏం చేశాయో కొంత చదివాను. కెన్యాలో బ్యాంకు ఖాతాలు లేనివాళ్లకు 2007లో ఎం-పెసా వచ్చాకే ఫోన్‌తో డబ్బులు కట్టడం అలవాటైంది. మనకు 2016లో యూపీఐ వచ్చింది, మా ఊళ్లో మిర్చి బజ్జీల బండి మీద కూడా స్కానర్ ఉంది, డబ్బు చేతులు మారే విషయంలో మనకిప్పుడు ఇబ్బంది లేదు. చైనా 2014 నుంచి కొన్ని జిల్లాలను ఎంచుకుని గ్రామీణ ఈ-కామర్స్‌కు నిధులిచ్చింది. శిక్షణలతో పాటు గోదాములు, జిల్లా కేంద్రం నుంచి పల్లెకు పార్సిల్ రవాణా, ఊళ్లో ఒక సేవా కేంద్రం కూడా పెట్టింది. అయినా తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే బాగుపడింది ఎక్కువగా పల్లెల్లో కొనేవాళ్లే, అది కూడా కొద్దిమందే, అమ్మేవాళ్ల ఆదాయం పెద్దగా పెరగలేదని తేలింది. అన్ని నిధులు పోసిన చోటే అట్లా ఉంటే, వెబ్‌సైట్ పెట్టి శిక్షణ ఇస్తే చాలనుకునే చోట ఏమవుతుందో మీరే ఆలోచించండి.

పోర్టళ్లు ఇక చాలు సార్, నిజంగా చాలు. ప్రభుత్వ కొనుగోళ్లకు జెమ్ 2016 నుంచి ఉంది, రకరకాల యాప్‌ల అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ ఒకే నెట్‌వర్క్‌లో కలపడానికి 2021 డిసెంబర్‌లో ఓఎన్‌డీసీ పెట్టారు, పెద్ద సైట్లు ఉండనే ఉన్నాయి. మాకు కావాల్సింది పార్సిల్ కట్టి పంపేందుకు, తిరిగొస్తే విప్పి చూసేందుకు మండలానికి ఒక గది. చీర పోయే ముందు అంచు, కొంగు, బరువు కనిపించేలా అక్కడే ఫొటోలు తీసి ఒక నంబర్ వేయాలి. తిరిగొచ్చిన పార్సిల్‌ను మా చేతికి ఇవ్వకముందే ఆ గదిలో కెమెరా ముందు విప్పి, పోయిన ఫొటోతో పోల్చి, తేడా ఉంటే అక్కడి మనిషే రాసివ్వాలి. ఆ కాగితాన్ని సైట్లు ఒప్పుకునేలా ప్రభుత్వం వాళ్లతో మాట్లాడాలి. ఒక్క కోడలు ఫోన్ చేస్తే వినని కంపెనీ ప్రభుత్వం పిలిస్తే వచ్చి కూర్చుంటుంది. ఈ పనికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు, మహిళా సంఘాల భవనాలున్నాయి, లెక్కలు రాయడం వచ్చిన ఆడవాళ్లు ఆ సంఘాల్లోనే ఉన్నారు.

ఇంకొకటి. సైట్‌లో 'గద్వాల చీర' అని వెతికితే ముందు వచ్చేవి ఐదారు వందల రూపాయల మరమగ్గం చీరలు. మా చీరకు ఈ ప్రాంతానిదేనని చెప్పే జీఐ గుర్తింపు ఉంది, 1985 చట్టం చేనేతకే కేటాయించిన 11 రకాల్లో చీర ఉంది. మరమగ్గాల షెడ్డుకు వెళ్లి తనిఖీ చేసే అధికారికి ఫోన్‌లో కనిపించే చీరను ఆపే పని కూడా అప్పగించండి. పక్కన ఆ ధర చూసినవాళ్లకు మేం పెట్టిన ఏడు వేలు మోసంలా కనిపిస్తోంది, కామెంట్లలో మమ్మల్నే దొంగలంటున్నారు, అది చదివిన రోజు మా మామకు చెప్పలేకపోయాను.

వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు ఆషాఢంలోనే మొదలవుతాయి. కొరియర్ వాళ్లు మా పిన్‌కోడ్‌కు పికప్ లేదంటున్నారు, పార్సిల్ పట్టుకుని నేను బస్సెక్కి కర్నూలు పోతున్నాను, ఒక పూట పని పోతోంది. తపాలా శాఖ కేంద్రానిదే అయినా రాష్ట్రం అడిగితే వారానికి మూడు రోజులు మా ఊరికి పార్సిల్ బండి వచ్చే ఏర్పాటు చేయగలదు. మిగతావాటికి టైం పడుతుందని అర్థం చేసుకోగలను, ఈ బండి ఒక్కటి మాత్రం ఆషాఢం లోపల వచ్చేలా చూడండి.

ఇట్లు,
రాజోలి నుంచి ఒక చేనేత ఇంటి కోడలు