మా వాడి చేత మాట్లాడించిన వాళ్ళందరికీ, నన్ను నోరు మూయించిన వాళ్ళకీ థాంక్స్

అందరికీ నమస్కారం. ఈ పోస్ట్ రెండు నెలల క్రితమే పెట్టాల్సింది, రాయడం మొదలుపెట్టినప్పుడల్లా ఏదో ఒక పని తగలడం, ఆగిపోవడం. ఇవాళ మా అబ్బాయి ఫ్రెండ్స్‌తో బయటికెళ్ళాడు, ఇల్లు ఖాళీగా ఉంది, ఇప్పుడు రాయకపోతే ఇంక ఎప్పటికీ రాయనని కూర్చున్నా. కొంచెం పొడుగుంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా వాడికి పదిహేడేళ్ళు. పుట్టినప్పటి నుంచి సెరెబ్రల్ పాల్సీ, అంటే ఒంటి కదలికలు మెదడు అదుపులో సరిగ్గా ఉండవు. పవర్ వీల్‌చెయిర్‌లో తిరుగుతాడు. మాట వస్తుంది గానీ నెమ్మదిగా, ముద్దముద్దగా వస్తుంది, అలవాటు లేని వాళ్ళకి మొదట్లో అర్థం కాదు. వాడికి అన్నీ తెలుసు, అన్నీ అర్థమవుతాయి, కాకపోతే వాడు చెప్పేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు, అదీ మా ఇంట్లో అసలు సమస్య. దాంతో నేనేం చేశానంటే ఇన్నేళ్ళూ వాడి బదులు నేనే మాట్లాడేశా. డాక్టర్ దగ్గర నేనే, స్కూల్లో ఐఈపీ (డిసెబిలిటీ ఉన్న పిల్లాడికి స్కూల్ వేసే సొంత చదువు ప్లాన్) మీటింగ్‌లో నేనే, ఎవరైనా వాడిని ఏం చదువుతున్నావ్ బాబూ అనడిగినా జవాబు నేనే. వాడు మొదటి ముక్క అనగానే మిగతాది నేను పూర్తి చేసేసేదాన్ని. అది సాయం అనుకున్నా, నిజంగా అలాగే అనుకున్నా.

మొట్టమొదటి థాంక్స్ మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టిన అక్కకి. అక్కా, నువ్వు ఈ పోస్ట్ చదువుతావని తెలుసు. ఇక్కడ కాలిఫోర్నియాలో స్టేట్ గవర్నమెంట్ వాళ్ళు డిసెబిలిటీ ఉన్న హైస్కూల్ పిల్లలకి యూత్ లీడర్‌షిప్ ఫోరమ్ అని పెడతారు, వైఎల్ఎఫ్ అంటారు. వేసవిలో శాక్రమెంటోలో ఐదు రోజులు, పిల్లలు అక్కడే ఉండాలి, ఖర్చు మనం పెట్టక్కర్లేదు. 1992లో ఇక్కడే మొదలైందట, తర్వాత వేరే స్టేట్స్ వాళ్ళు కూడా చూసి పెట్టుకున్నారు. పదహారేళ్ళుగా ఈ స్టేట్‌లో ఉంటూ ఈ పేరే వినలేదు నేను. అక్క లింక్ పెట్టి కింద ఒక లైన్ రాసింది, "ఫారం వాడి చేతే నింపించు, నువ్వు ముట్టుకోకు" అని. నన్ను బాగా చదివేసింది ఈ మనిషి అనుకున్నా.

వాడు కీబోర్డ్ మీద కీగార్డ్ పెట్టుకుని ఒక వేలితో టైప్ చేస్తాడు, అంటే ప్రతి అక్షరం దగ్గరా చిల్లులున్న ప్లాస్టిక్ పలక, వేలు పక్క కీ మీదకి జారకుండా. ఫారంలో వ్యాసాల్లాంటి ప్రశ్నలుంటే నాలుగు సాయంత్రాలు కూర్చున్నాడు. ఒక చోట స్పెల్లింగ్ తప్పుంది, దిద్దుతా ఇలా ఇవ్వరా అంటే "వద్దు, నాదే ఉండనీ" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు ఆ స్పెల్లింగ్ వల్ల, నవ్వకండి.

తర్వాత ఇంటర్వ్యూకి ఫోన్ వచ్చింది. అది చెప్పకపోతే ఈ పోస్టే వేస్ట్. ఫోన్ నేనే ఎత్తా, అలవాటుగా "వాడి మాట మీకు అర్థం కాదేమో మేడం, నేను చెప్తాను" అన్నా. ఆవిడ చాలా మర్యాదగా, "అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతానండి, బాబుకి ఇవ్వండి" అంది. స్పీకర్ పెట్టి టేబుల్ మీద పెట్టా. స్కూల్లో ఒక్కటి మార్చగలిగితే ఏం మారుస్తావ్ అనడిగింది. వీడు నోరు తెరిచాడు, మాట రావట్లేదు, టెన్షన్ పడితే వాడికి ఇంకా బిగుసుకుపోతుంది. ఓవెన్ మీద గడియారం కనిపిస్తోంది నాకు. మినిట్ మారింది. ఆవిడ హలో అనలేదు, ఉన్నావా అనలేదు, ప్రశ్న మళ్ళీ అడగలేదు, ఊరికే ఉంది అంతే. నేను చీర కొంగు, అదే చున్నీ, నోట్లో కుక్కుకున్నంత పని చేశా. అప్పుడు వాడు అన్నాడు, "ఎలివేటర్. తాళం."

సంగతేంటంటే స్కూల్లో ఎలివేటర్‌కి తాళం వేసి ఉంచుతారట, పిల్లలు ఆడుకుంటారని. తాళంచెవి కస్టోడియన్, అదే స్కూల్ బిల్డింగ్ చూసుకునే ఆయన దగ్గర. వీడు రోజూ పొద్దున్న ఆయన కోసం కింద ఎదురు చూసి, ఆయన వచ్చి తీశాక పైకెళ్ళేసరికి క్లాసు మొదలైపోయి పదీ పదిహేను నిమిషాలు అయిపోతోంది. లేటొచ్చాడని టార్డీలు కూడా వేశారు కొన్నిసార్లు. రెండేళ్ళుగా! నాకు తెలీదు! అన్నీ వాడి బదులు నేనే చెప్తున్నా అనుకుంటున్న నాకు ఈ ముక్క తెలీదు. ఫోన్ పెట్టేశాక నాకెందుకు చెప్పలేదురా అంటే, "చెప్తే నువ్వొచ్చి గొడవ పెడతావ్" అన్నాడు. నిజమే, పెట్టేదాన్ని.

ఆ ఫోన్ చేసిన మేడం పేరు నాకు గుర్తుంది గానీ ఇక్కడ రాయను. మేడం, మీరు ఆ నిమిషం పైచిలుకు ఆగినందుకు థాంక్స్. మీకది ఉద్యోగం అయ్యుండొచ్చు. మా ఇంట్లో మటుకు అంతసేపు ఎవరూ ఎప్పుడూ ఆగలేదు, కన్నతల్లినైన నాతో సహా.

సెలెక్ట్ అయ్యాక అసలు భయం మొదలైంది. రాత్రి పక్క తిప్పేదెవరు, బాత్రూంకి ఎవరు తీసుకెళ్తారు, అన్నం ఎవరు పెడతారు. అటెండెంట్లని వాళ్ళే ఇస్తామన్నారు, నాకు నమ్మకం లేదు. మూడు పేజీల ఇన్‌స్ట్రక్షన్లు రాశా, ఏ చెయ్యి ముందు ఎత్తాలి, ఎత్తే పట్టీ, అదే స్లింగ్, ఎలా వెయ్యాలి, నీళ్ళు ఏ స్ట్రాతో ఇవ్వాలి, ఫోటోలతో సహా. తీసుకెళ్ళి ఇస్తే అక్కడి అబ్బాయి కాగితాలు తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని మా వాడి ఎత్తుకి ఒంగి "నువ్వు చెప్పు, ఎలా చేద్దాం" అన్నాడు. నన్ను చూడనే లేదు. నాకు అప్పుడు కోపం వచ్చింది, దాచుకోవడం దేనికి. కార్లో మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు దారి పొడుగునా.

ఇంటికొచ్చాక చూస్తే హాల్లో గోడ పక్కన వీల్‌చెయిర్ చార్జర్. వదిలేసి వెళ్ళిపోయాం. రెండు గంటల డ్రైవ్ చేసి అప్పుడే వచ్చాం, రాత్రి తొమ్మిదైంది, చార్జింగ్ లేకపోతే పొద్దున్నకి ఆ కుర్చీ మూడొందల పౌండ్ల ఇనుప సామాను, తోసేవాళ్ళు కూడా తొయ్యలేరు. ఏడుస్తూ ఫోన్ చేశా, మళ్ళీ బయల్దేరుతున్నాం అని. ఎత్తి, తీరిగ్గా, "అమ్మా, అరువు తీసుకున్నా" అన్నాడు. పవర్ చెయిర్లకి చాలా వాటికి ఒకటే రకం ప్లగ్ ఉంటుంది కదా, గుండ్రంగా మూడు పిన్నులది, అదే ఇరవై నాలుగు వోల్టుల చార్జర్, పక్క రూమ్ అబ్బాయిది సరిపోయిందట. వాడికి రాత్రి పదకొండు దాకా, వీడికి ఆ తర్వాత. అంతా వాళ్ళిద్దరూ మాట్లాడేసుకున్నారు. ఇన్నేళ్ళలో వాడి చుట్టూ వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి వాడొక్కడే, స్కూల్లో, పెళ్ళిళ్ళలో, గుళ్ళో, ఎక్కడైనా. చార్జర్ అరువడగడానికి పక్క రూమ్‌లో ఇంకొకడు ఉండటం అంటే ఏంటో నాకు ఆ ఫోన్‌లో తెలిసింది. ఆ పిల్లాడికీ వాళ్ళమ్మకీ బోలెడు థాంక్స్.

అక్కడ ఏం నేర్పారంటే, వాడు చెప్పినవి చెప్తా. కౌన్సెలర్లలో చాలామంది వాళ్ళకే డిసెబిలిటీ ఉన్నవాళ్ళు, ఒకప్పుడు ఇదే క్యాంపుకి పిల్లలుగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారట. ఒక రాత్రి ఒక కౌన్సెలర్ వీళ్ళకి ఎడ్ రాబర్ట్స్ కథ చెప్పాడు, అది మా వాడికి నెత్తికెక్కింది. ఆయనకి పద్నాలుగేళ్ళప్పుడు పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా చచ్చుబడిపోయింది, రాత్రిళ్ళు ఐరన్ లంగ్‌లో, అంటే ఊపిరి ఆడించే పెద్ద ఇనుప గొట్టం లాంటి మెషిన్‌లో పడుకోవాలి. కాలేజీ చదువుకి సాయం కావాలని స్టేట్ రీహాబిలిటేషన్ వాళ్ళని, అంటే డిసెబిలిటీ ఉన్నవాళ్ళకి చదువుకీ ఉద్యోగానికీ సాయపడే గవర్నమెంట్ ఆఫీసు వాళ్ళని అడిగితే ఇతను ఏ ఉద్యోగమూ చెయ్యలేడు, డబ్బు దండగ అన్నారు. ఆయన కొట్లాడి 1962లో బర్క్‌లీలో చేరాడు, ఆ ఐరన్ లంగ్ పట్టే డార్మ్ రూమ్ లేక క్యాంపస్ ఆసుపత్రిలో ఉండి చదువుకున్నాడు. డెబ్భైల్లో జెర్రీ బ్రౌన్ గవర్నర్ అయ్యాక అదే రీహాబిలిటేషన్ డిపార్ట్‌మెంట్‌కి డైరెక్టర్‌గా ఎవరిని వేశాడనుకున్నారు, ఈయన్నే. పనికిరాడన్న ఆఫీసుకే బాస్! మా వాడు ఇది చెప్పేటప్పుడు ఎంత నవ్వాడో, నవ్వితే వాడి ఒళ్ళంతా ఊగుతుంది, కుర్చీ జాయ్‌స్టిక్ మీద చెయ్యి పడి కుర్చీ గుండ్రంగా తిరిగింది.

1977లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫెడరల్ బిల్డింగ్‌లో వందమందికి పైగా డిసెబిలిటీ ఉన్నవాళ్ళు దాదాపు నాలుగు వారాలు కదలకుండా కూర్చున్నారని, సెక్షన్ 504 (ఫెడరల్ డబ్బు తీసుకునే చోట డిసెబిలిటీ ఉందని వివక్ష చూపకూడదన్న చట్టం) రూల్స్ మీద సంతకం పెట్టేదాకా లేవలేదని, నల్లజాతి వాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్స్ వాళ్ళు రోజూ భోజనాలు తెచ్చి పెట్టారని, జూడీ హ్యూమన్ వాళ్ళ లీడరని ఇవన్నీ కూడా చెప్పాడు. మనం పొద్దున్న లేస్తే మా పిల్లాడికి 504 ప్లాన్ ఇచ్చారు అంటుంటాం, ఎవరు తెచ్చిపెట్టారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు నేను. నాకు చరిత్ర క్లాసు మా వాడే తీసుకున్నాడు, అదీ కిచెన్‌లో, నేను గిన్నెలు సర్దుతుంటే. ఆపి విను అన్నాడు. ఆపి విన్నా.

ఒక రోజు స్టేట్ కాపిటల్‌కి తీసుకెళ్ళారు. మన లెక్కలో ఎమ్మెల్యే అనుకోండి, ఒక అసెంబ్లీ మెంబర్ ఆఫీసులో స్టాఫ్‌తో మాట్లాడాడట, ఎలివేటర్ తాళం సంగతే చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. అంతే, చట్టమేం మారిపోలేదు, గొప్పలు చెప్పను. ఆ ఆఫీసులో ఉన్నమ్మాయి వీడిని ఒక ప్రశ్న అడిగింది, "మీ ప్రిన్సిపల్‌ని అడిగావా?" అని. లేదు, అడగలేదు. అడగొచ్చని కూడా వాడికి తట్టలేదు, ఎందుకంటే అడిగేది ఎప్పుడూ అమ్మ కదా. ఆ ప్రశ్న వేసినందుకు ఆ అమ్మాయికి కూడా థాంక్స్.

స్కూల్ తెరిచాక ఐఈపీ మీటింగ్ వాడే నడిపాడు. ఆరు స్లైడ్లు చేసుకున్నాడు. టేబుల్ చుట్టూ ఎనిమిది మందిమి, అందరూ అలవాటుగా నా వైపు చూసి "హీ ఈజ్ డూయింగ్ వెల్, హీ నీడ్స్..." అంటుంటే, వాడు చెయ్యెత్తి "హీ ఇక్కడే ఉన్నాడు" అన్నాడు ఇంగ్లీషులో. గదంతా నిశ్శబ్దం. తర్వాత నాలుగో స్లైడ్‌లో, ఎలివేటర్ ఉంటే చాలదు, యాక్సెస్ కోసం పెట్టినవి పనిచేసే స్థితిలో ఉంచాలని డిసెబిలిటీ ఉన్నవాళ్ళ హక్కుల చట్టం ఏడీఏ రూల్స్‌లోనే ఉంది, నాకు నా తాళంచెవి కావాలి అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకి ముందు నేను ఓ పావుగంట అరిచేదాన్ని. వారంలో తాళంచెవి వచ్చింది. ఎర్ర దారంతో ఆర్మ్‌రెస్ట్‌కి కట్టుకున్నాడు, ముందుకి పోతుంటే టింగు టింగుమని శబ్దం, ఇంట్లో ఎక్కడున్నాడో తెలిసిపోతుంది ఇప్పుడు.

స్కూల్ పేరు రాయట్లేదు, అడగొద్దు, వాళ్ళు సరిచేశారు, అయిపోయింది.

గ్రూపులో అమ్మలకి ఒక మాట. మీ పిల్లలు హైస్కూల్లో ఉంటే మీ స్టేట్‌లో యూత్ లీడర్‌షిప్ ఫోరమ్ ఉందేమో చూడండి. కాలిఫోర్నియాలో లేకపోయినా వొకేషనల్ రీహాబిలిటేషన్ ఆఫీసు ప్రతి స్టేట్‌లోనూ ఉంటుంది. 2014లో వచ్చిన డబ్ల్యూఐఓఏ అనే ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ళకొచ్చే ఫెడరల్ డబ్బులో కనీసం 15 శాతం స్కూల్ వయసు పిల్లల కోసమే పక్కన పెట్టాలి, పని అనుభవం, సెల్ఫ్ అడ్వొకసీ (తన తరఫున తనే మాట్లాడుకోవడం), కాలేజీ గురించి చెప్పడం, అన్నీ అందులోవే. దీనికి కేసు ఓపెన్ చేసి పూర్తి క్లయింట్ కావాల్సిన పని కూడా లేదు. మనవాళ్ళు చాలామంది గవర్నమెంట్ ఆఫీసు అనగానే మనకెందుకులే, వీసా గొడవలున్నాయి అని దూరంగా ఉంటారు, ముందు అడగండి, వాళ్ళు కాదంటే అప్పుడు చూద్దాం. ఇంకోటి, చాలా స్టేట్స్‌లో పద్దెనిమిది నిండగానే స్కూల్ విషయాల్లో హక్కులు మన నుంచి పిల్లలకి వెళ్ళిపోతాయి, కాబట్టి ఇప్పట్నుంచే వాళ్ళని మాట్లాడనివ్వండి. ఇది నేను చెప్పడం గురివింద గింజ సామెతలా ఉంటుందని తెలుసు.

మా వాడి తర్వాతి ప్లాన్ ఏంటంటే స్టేట్ డెవలప్‌మెంటల్ డిసెబిలిటీస్ కౌన్సిల్‌లో మెంబర్ అవ్వడం, చిన్నప్పటి నుంచి డిసెబిలిటీ ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కౌన్సిల్ అది. అందులో 60 శాతానికి తగ్గకుండా డిసెబిలిటీ ఉన్నవాళ్ళూ వాళ్ళ కుటుంబాల వాళ్ళే ఉండాలని ఫెడరల్ చట్టంలో ఉందట. "నువ్వు ఫ్యామిలీ కోటాలో రా అమ్మా, నేను అసలు కోటాలో వస్తా" అంటున్నాడు. చూద్దాం, ముందు ఆల్జీబ్రా పాసవ్వాలి.

ఇంకా థాంక్స్ చెప్పాల్సిన వాళ్ళు: రాత్రి షిఫ్ట్ అటెండెంట్లు, మూడింటికి లేచి పక్క తిప్పిన వాళ్ళు, మీ పేర్లు మా వాడికి తెలుసు. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్లు, మీ వల్ల మా వాడికి ఒక చెవిటి ఫ్రెండ్ దొరికాడు, వీడి మాట ఆ అబ్బాయికి వినపడదు, ఆ అబ్బాయి చేతి సైగలు వీడికి రావు, రోజూ గంట సేపు టెక్స్ట్‌లు కొట్టుకుంటారు, ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పరు. మా ఆయనకి, ఆ రాత్రి చార్జర్ పట్టుకుని కార్ తాళాలు తీసిన నన్ను ఆపినందుకు.

ఇది పెట్టే ముందు వాడికి చదివి వినిపించా, తెలుగు వింటాడు గానీ చదవలేడు. నా ఏడుపు గురించి రాసిన రెండు పేరాలు తీసెయ్యమన్నాడు, తీసేశా. చార్జర్ మర్చిపోయిన సంగతి నేను తీసేద్దామనుకున్నా, అది మాత్రం ఉంచమన్నాడు.