వార్షిక నివేదిక: నెలలు నిండని బిడ్డకు తొలి పది నిమిషాల ఆక్సిజన్ లెక్క

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని దాదాపు అంతా ఒకే విషయం మీద సాగింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరి అందించేటప్పుడు ఆక్సిజన్ ఎంత ఇవ్వాలి, ఉన్న సామానుతో ఆ మోతాదు ఎట్లా కుదురుతుంది అన్నదే ఆ విషయం. వరంగల్, హన్మకొండలతో పాటు నర్సంపేట, పరకాల, ములుగు, జనగామ వైపు కాన్పు గదుల్లో పనిచేసే సిస్టర్లు, డాక్టర్లు, టెక్నీషియన్లు శిక్షణకు వచ్చారు. అందరి మాటల్లో తేలింది ఒకటే: కోవిడ్ తర్వాత ఆక్సిజన్ పైపులు చాలాచోట్లకు వచ్చాయి, గాలి పైపులు రాలేదు. శుభ్రమైన కంప్రెస్డ్ గాలి లేకపోతే బ్లెండర్ (గాలినీ ఆక్సిజన్‌నూ కావాల్సిన శాతంలో కలిపే పరికరం) ఉన్నా లేనట్టే. నాబ్ 30 శాతం మీద ఉన్నా బిడ్డకు పోయేది ఆక్సిజన్ ఒక్కటే. గాలి అందడం లేదని ఈల మోగుతుంది. ఆ ఈలను గోల అనుకొని పట్టించుకోకపోవడమే అసలు ప్రమాదం.

శిక్షణలో చెప్పిన మోతాదు ఇది. గర్భంలో 35 వారాలు, ఆపైన ఉన్న బిడ్డ అయితే గదిగాలితో, అంటే 21 శాతంతో మొదలు. అంతకు తక్కువైతే 21 నుంచి 30. 32 వారాలు నిండని వారికి 30తోనే మొదలుపెట్టమన్నాం; ఇంకా ఎక్కువతో మొదలుపెడితే మేలా అన్న చర్చ నిపుణుల మధ్య ఇంకా తెగలేదు. మొదలు ఎంతైనా, ఆపైన దారి చూపేది రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సిమీటరే. ప్రోబ్‌ను కుడిచేతికే కట్టాలి, మెదడుకు పోయే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అక్కడే తెలుస్తుంది. ముందు బిడ్డకు కట్టి, తర్వాత కేబుల్‌కు తగిలించాలి. మీద వెలుతురు పడకుండా బట్ట కప్పాలి. మీటర్‌లో అంకె మొదటి నిమిషానికి 60–65, రెండుకు 65–70, మూడుకు 70–75, నాలుగుకు 75–80, అయిదుకు 80–85, పదికి 85–95 ఉంటే చాలు. తగ్గితే ఇచ్చే ఆక్సిజన్‌ను 30 సెకన్లకోసారి 10 శాతం చొప్పున పెంచాలి, 95 దాటితే వెంటనే దించాలి. రెండో నిమిషంలో 67 చూసి కంగారుపడి నాబ్‌ను 100కు తిప్పడం ఎక్కువగా జరిగే పొరపాటు. అట్లాగని తక్కువలో ఉంచడమూ మంచిది కాదు: అయిదో నిమిషానికి 80 అందుకోని బిడ్డల్లో మరణాలు, మెదడులో రక్తస్రావం ఎక్కువ. ఛాతీ నొక్కాల్సి వస్తే మాత్రం 100 శాతమే.

అంకె పెరగకపోతే నాబ్ వైపు చేయి పోకముందు ఛాతీ లేస్తోందా చూడాలి. చాలాసార్లు లోపం మాస్క్ అంచున గాలి పోవడంలో ఉంటుంది. మాస్క్ సర్ది, మెడ సరిచేసి, నోరు, ముక్కు శుభ్రం చేసి, నోరు కొద్దిగా తెరిచి, అప్పటికీ లేవకపోతే ఒత్తిడి పెంచాలి.

బ్లెండర్ లేనిచోట గాలికి, ఆక్సిజన్‌కు చెరో ఫ్లోమీటర్ పెట్టి వై-కనెక్టర్‌తో కలపవచ్చు. 9 లీటర్ల గాలి, 1 లీటరు ఆక్సిజన్ కలిస్తే సుమారు 29 శాతం, 7.5, 2.5 అయితే సుమారు 41. గాలి పాయింటే లేకపోతే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ బ్యాగే (చేత్తో పిండితే ఊపిరి ఇచ్చి తనంతట తానే ఉబ్బే సంచి) దిక్కు: ఆక్సిజన్ ట్యూబ్ తీసేస్తే 21, రిజర్వాయర్ (ఆక్సిజన్ నిలిచే అదనపు సంచి) లేకుండా ట్యూబ్ తగిలిస్తే సుమారు 40, రిజర్వాయర్‌తో 90 పైనే. ఆ 40ని మరీ నమ్మొద్దు, పిండే వేగాన్ని బట్టి మారుతుంది. మరో మాట: గాలి నుంచి ఆక్సిజన్ తీసే ఆసుపత్రి ప్లాంటు నుంచి వచ్చేది సుమారు 93 శాతం ఆక్సిజనే. ఆక్సిజన్ శాతం కొలిచే ఎనలైజర్ 100 చూపలేదని దాన్ని రిపేరుకు పంపకండి.

టీ-పీస్‌కు (గ్యాస్ ఫ్లోతో నిర్ణీత ఒత్తిడిలో ఊపిరి ఇచ్చే పరికరం) నిమిషానికి 10 లీటర్ల ఫ్లో పెట్టి, బిడ్డ వైపు కొనను వేలితో మూసి పై ఒత్తిడి 20–25, పీప్ (ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే ఒత్తిడి) 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి సెట్ చేయాలి. మూయకుండా తిప్పితే మీటర్ ముల్లు కదలదు. తర్వాత ఫ్లో మారిస్తే ఒత్తిళ్లూ మారతాయి.

ఏటూరునాగారం వైపు నుంచి బిడ్డను వరంగల్ తేవాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. నిండు బీ-టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటుంది, నిమిషానికి 10 లీటర్లయితే 150 నిమిషాలు. గేజ్ సగంలో ఉంటే 75 నిమిషాలే, దారిలోనే ఖాళీ. గ్యాస్ లేని టీ-పీస్ ఒక్క ఊపిరి కూడా ఇవ్వదు. అందుకే బండిలో సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ బ్యాగ్ లేకుండా బయలుదేరొద్దని అన్ని చోట్లా గోడపత్రం అంటించాం. మేడారం జాతర నెలలో రోడ్డు సంగతి మీకు తెలిసిందే.

వార్డులో ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు ఆక్సిమీటర్ లక్ష్యం 90–95, అలారం హద్దులు 89, 95. గదిగాలి మీదున్న బిడ్డకు 98 ఉంటే భయం లేదు. ఎక్కువ ఆక్సిజన్ కంటి రెటీనాను దెబ్బతీయొచ్చు కాబట్టి, 34 వారాలకు ముందు పుట్టినా, 2000 గ్రాములకు తక్కువున్నా 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాలకు ముందైతే రెండు మూడు వారాలకే. డిశ్చార్జ్ చీటీపై ఆ తేదీ రాసే గడి చేర్పించాం.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఏడాది మిగులును ఆయిల్ లేని చిన్న కంప్రెసర్లకు వాడాలని కార్యవర్గం ప్రతిపాదన, సర్వసభ్య సమావేశంలో నిర్ణయిద్దాం. కొన్నాక వాటి వాటర్ ట్రాప్‌ను ప్రతి షిఫ్టులో ఖాళీ చేసే బాధ్యత ఎవరిదో కూడా ఆ రోజే పేరుపెట్టి రాసుకోవాలి, వానాకాలంలో నీళ్లు చేరితే ముందు పాడయ్యేది బ్లెండరే.