సముద్రం లోపల ఎలా ఉంటుందంటే

చిన్నీ,

మొన్న నేను స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం) నేర్చుకుంటున్నానని చెబితే "ఈ వయసులో నీకెందుకమ్మా ఇదంతా" అని ఫోన్ పెట్టేశావు చూడు, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ గొంతులో భయం తెలిసింది. ఫోన్లో అయితే సగం చెప్పేలోపే అడ్డుపడతావు, అందుకని రాస్తున్నా, మొత్తం చదువు.

ముందు నీ టెన్షన్ సంగతి. నాకు 57, బీపీ మాత్ర వేసుకుంటున్నాను, అదేమీ దాచలేదు. స్కూబా నేర్పేముందు ఆరోగ్యం ఫారం నింపిస్తారు, 45 దాటి బీపీ ఉంటే డాక్టర్ సంతకం తేవాల్సిందే. ఈసీజీ, ట్రెడ్‌మిల్ చేయించుకుని, డాక్టర్ సరేనన్నాకే డబ్బు కట్టాను. కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్లమీద తేలాలి, దానికోసం ఆరు నెలలు విశాఖ బీచ్ రోడ్డులో కార్పొరేషన్ వాళ్ల (జీవీఎంసీ) ఈత పూల్‌కి వెళ్లాను. పుట్టి పెరిగింది సముద్రం పక్కనే, అయినా ఆర్కే బీచ్‌లో అలలు లాక్కుపోతాయని అమ్మమ్మ మమ్మల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు, నేను నిన్నూ దాటనివ్వలేదు.

రుషికొండలో మొదటిసారి దిగిన రోజు మూడు మీటర్లకే చెవిలో సూది గుచ్చినట్టయింది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు సర్దుకుంటాయి, కానీ నొప్పి రాకముందే ఊదాలి, నేను ఆలస్యం చేశాను. కంగారుపడి ఊపిరి బిగబట్టి పైకి తన్నుకోబోయాను. నేర్పే అబ్బాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, ఊపిరి వదలమని సైగ చేశాడు. నీళ్లకింద అన్నిటికన్నా ప్రమాదం ఊపిరి బిగబట్టడమే. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకొస్తే అది ఉబ్బి ఊపిరితిత్తులు చీలిపోతాయి. ఇద్దరం మెల్లగా ఒక మీటరు పైకొచ్చాం, చెవులు సర్దుకున్నాయి, మళ్లీ దిగాం.

2002లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం తెరిచాక నిన్ను తీసుకెళ్లాం, గుర్తుందా? ఆ ఇరుకు దారిలో నా కొంగు పట్టుకుని "బయట నీళ్లలో ఎలా ఉంటుందమ్మా" అని అడిగావు. "చీకటిగా ఉంటుంది, పద" అన్నాను. తెలియక అన్నాను.

చీకటిగా ఉండదు చిన్నీ. మేం దిగినచోట లేత ఆకుపచ్చగా ఉంది, పైనుంచి ఎండ చారలు చారలుగా దిగుతోంది. సింహాచలంలో కట్టించుకున్న ఎర్ర దారం చేతికి నల్లగా కనిపిస్తే భయమేసింది, నీళ్లు ముందు ఎరుపు రంగునే మింగేస్తాయట, టార్చి వేయగానే మళ్లీ ఎర్రబడింది. ఎక్కడో పడవ ఇంజిన్ చప్పుడు, అది ఎటునుంచో చెప్పలేం, నీళ్లలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లు వేగంగా వస్తుంది కాబట్టి అన్నివైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. మిగతాదంతా నా ఊపిరే, లోపలికి, బయటికి, బుడగలు. ఒక రాయి పక్కన చిన్న చేపల గుంపు నన్ను పట్టించుకోకుండా తన పని చేసుకుంటోంది. పైకొచ్చాక పడవలో కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

అసలు విషయం. వచ్చే నెల ఆదివారం సాయంత్రం మాకు బెంగళూరు ఫ్లైటు బుక్ చేశావు కదా, ఆ పొద్దున నాకు రెండు డైవ్‌లు ఉన్నాయి. ఆ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ అంతా పోకముందే పైకెగిరితే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, రక్తంలో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. నా ఒక్కదాని టికెట్ సోమవారం మధ్యాహ్నానికి మార్చు. నాన్న ఆదివారమే వస్తారు, సున్నుండలు ఆయనతో పంపుతాను.

అమ్మ