సూక్తం మొత్తం చదివి అర్థం చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

దేవాసుర యుద్ధాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంద్రుడి వజ్రాయుధం అణ్వస్త్రమనీ, దేవతలు ఆకాశంలో విమానాలతో యుద్ధం చేసినట్టు ఋగ్వేదంలోనే ఉందనీ అందులో రాశారు. నేను ఫిజిక్స్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక సంస్కృతం మాస్టారి దగ్గర కొన్ని వేద సూక్తాలు, వేదంలోని మాటలకు అర్థం చెప్పే యాస్కుడి నిరుక్తంలో కొంత భాగం చదువుకున్నాను. ఈ రెండు చదువుల మీదా నాకు గౌరవం ఉంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసకర్త ఆధారంగా చూపించినది ఋగ్వేదం మొదటి మండలంలోని 32వ సూక్తం. మొత్తం 15 మంత్రాలు. ఆయన వజ్రం మాట వచ్చిన చోటు మాత్రం తీసుకుని మిగతాది వదిలేశారు. ఆ మిగతాదే నాకు ముఖ్యం అనిపిస్తుంది. వృత్రుడు నీళ్లను అడ్డగించి కొండ మీద పడుకున్న పాము. ఇంద్రుడు వాణ్ని చంపగానే నీళ్లు అరుచుకుంటూ పరుగెత్తే ఆవుల్లా నేరుగా సముద్రానికి పోయాయి. వృత్రుడి తల్లి దానువును కూడా ఇంద్రుడు కొట్టాడు. పైన తల్లి, కింద కొడుకు. దూడతో పడుకున్న ఆవులా ఉందట ఆమె. శత్రువు తల్లి శవం గురించి కవి అన్న మాట ఇది! ఇంకా ముందుకు వెళ్తే 14వ మంత్రంలో ఋషి ఇంద్రుణ్ణే నిలదీస్తాడు: పామును చంపాక నీ గుండెలో భయం పుట్టిందే, ఎవరిని చూశావు, బెదిరిన డేగలా తొంభైతొమ్మిది నదులు దాటి ఎందుకు పారిపోయావు అని. యుద్ధం గెలిచినవాడికి ఆ భయం ఎందుకు? ఆ మంత్రం దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. బాంబులూ విమానాలూ అనే అర్థంలో ఆ ప్రశ్నకు చోటే లేదు.

ఇవన్నీ ఈ కాలం వాళ్లకు వచ్చిన సందేహాలు కావు. యాస్కుడు నిరుక్తం రెండో అధ్యాయంలో వృత్రుడెవరు అని తానే అడిగి, మేఘమని నైరుక్తులు (పదాల పుట్టుకను బట్టి అర్థం చెప్పేవాళ్లు), త్వష్ట కొడుకైన అసురుడని ఐతిహాసికులు (పాత కథలను బట్టి అర్థం చెప్పేవాళ్లు) అంటారని ఇద్దరి మాటా చెప్పాడు. నీరు, వెలుగు కలిసి వాన పుడుతుందనీ, దాన్నే పోలికగా యుద్ధంలా వర్ణిస్తారనీ వివరించాడు. యజ్ఞాలను వివరించే వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణం, దాని 11వ కాండలో ఇంకా ముందుకు వెళ్లింది. కథల్లో చెప్పే దేవాసుర యుద్ధాలు అలా జరగలేదని తేల్చేసి, దానికి ఋగ్వేదం పదో మండలంలోని మంత్రాన్నే సాక్ష్యంగా తెచ్చింది. నీ యుద్ధాలని జనం చెప్పుకునేవన్నీ మాయే, నీకు ఈనాడూ శత్రువు లేడు, పూర్వమూ లేడు అని ఇంద్రుడితో అనే మంత్రం అది. ఇలా అన్నవాళ్లు వేదాన్ని నోటికి పట్టి కాపాడిన వాళ్లు. వాళ్లకు భక్తి తక్కువని ఎవరైనా అనగలరా?

ఫిజిక్స్ చెప్పినవాడిగా వాన అర్థం నాకు ఇష్టం. అయినా అదొక్కటే సరైనదని అనను. ఇంద్రుడి భయానికి మేఘం కూడా జవాబు చెప్పదు.

మనవాళ్లు గర్వంతో చేసే పనినే ఇంకోవైపు నుంచి బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ చేశాడు. 1946లో సింధు నాగరికత నగరమైన హరప్పాలో తవ్వకాలు జరిపాక, కోటలు కూల్చే ఇంద్రుడి మంత్రాలను అదే నాగరికతకు చెందిన మొహెంజొదారోలో దొరికిన అస్థిపంజరాలకు ముడిపెట్టి, ఆ నగరాల నాశనానికి ఇంద్రుణ్ణి నిందితుడిగా నిలబెట్టాడు. వాళ్లందరూ ఒకే దాడిలో చనిపోయారనడానికి ఆధారం లేదని 1964లో అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ చూపించాడు. అయినా ఆ ఊహ ఇప్పటికీ తగాదాలకు పనికొస్తూనే ఉంది. ఒకరు పొగడడానికి, ఒకరు నిందించడానికి సూక్తాన్ని యుద్ధ వార్తలా చదివారు, అంతే తేడా.

బైబిల్ చదివే స్నేహితులతో మాట్లాడినప్పుడూ ఇదే మాట వస్తుంది. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో మిఖాయేలు, అతని దూతలు ఘటసర్పంతో పరలోకంలో యుద్ధం చేస్తారు. దానికి ఏడు తలలు, పది కొమ్ములు. తోకతో నక్షత్రాల్లో మూడో భాగాన్ని ఈడ్చి పడేస్తుంది. ఆ తోక ఏ తోకచుక్కో అని లెక్కలు వేసేవాళ్లున్నారు. అదే అధ్యాయం 11వ వచనంలో మాత్రం, విశ్వాసులు గొర్రెపిల్ల (అంటే క్రీస్తు) రక్తం వల్ల, తామిచ్చిన సాక్ష్యం వల్ల ఆ సర్పాన్ని జయించారని ఉంది, ప్రాణాలమీద తీపి లేకుండా. రోమా సామ్రాజ్యం నీడలో బతుకుతున్న చిన్న చిన్న సంఘాలకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఆలోచించాలి గదా.

దేవీ మాహాత్మ్యం సంగతీ చెప్పాలి. మహిషుడు దేవతలను స్వర్గం నుంచి తరిమేసిన కథను మేధా మహర్షి ఎవరికి చెప్పాడు? రాజ్యం పోగొట్టుకున్న సురథుడికి, డబ్బు కోసం భార్యాబిడ్డలు గెంటేసిన సమాధి అనే వైశ్యుడికి. తమను వదిలేసిన వాళ్లమీదే మనసు ఎందుకు లాగుతోందో చెప్పమని ఇద్దరూ అడిగారు. దానికి జవాబుగా వచ్చినవే ఆ యుద్ధాలన్నీ. చివరికి రాజు రాజ్యం కోరుకున్నాడు, వైశ్యుడు జ్ఞానం కోరుకున్నాడు. దేవి ఇద్దరికీ ఇచ్చింది. ఒకే యుద్ధ కథను ఇద్దరు రెండు రకాలుగా వినొచ్చని ఆ గ్రంథమే ఒప్పుకుంటుంటే, మనం ఒక్క అర్థానికి, అదీ ఆయుధాల అర్థానికి, కుదించడం నాకు బాధగా ఉంది.

ఇలాంటి వ్యాసాలు వేయొద్దని నేను అనను. వేసేటప్పుడు మండలం, సూక్తం, మంత్రం సంఖ్యలు ఇవ్వమని రచయితలను అడగండి. ఆధారంగా చూపిన మంత్రానికి ముందూ వెనకా ఉన్న మంత్రాల తాత్పర్యం కూడా పక్కనే ఒక బాక్సులో వేయండి. వ్యాసంలో చెప్పిన అర్థం నిలుస్తుందో లేదో పాఠకులు తామే చూసుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్