మిషన్ కన్నా ముందు నోటీసు రావాలి

అయ్యా,

గుంటూరు జిల్లాలోని ఓ స్పిన్నింగ్ మిల్లులో మా అమ్మ పదిహేడేళ్లు కోన్ వైండింగ్ (దారాన్ని పెద్ద కోన్లకు చుట్టే పని) చేసింది. తెగిన దారాన్ని చూడకుండానే వేలికొసలతో ముడేసేది. ఆ పనిని తనంతట తానే చేసే ఆటోకోనర్ మిషన్ వచ్చాక ఆ ముడే అక్కర్లేదు. గాలి ఒత్తిడితో రెండు కొసల్నీ పెనవేసి అదే కలిపేస్తుంది. దారం నాణ్యత పెరిగింది, కాదనను. కానీ మిషన్ దిగిన వారంలోనే సగంమందిని 'రేపట్నుంచి రావద్దు' అన్నారు. ఉద్యోగాలు పోయే అవకాశమున్న యంత్రాలు పెట్టేముందు 21 రోజుల నోటీసివ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. ఆ నోటీసేదని అడిగితే, మీరంతా కాంట్రాక్టు వాళ్లేగా అన్నారట మిల్లు వాళ్లు! యూనియన్లు జీతాల ఒప్పందంతోపాటే, కొత్త మిషన్ మీద ట్రైనింగ్ ఎవరికిస్తారో కూడా రాయించుకోవాలి. అమ్మ ఇప్పుడు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తోంది.

- ఒక పాఠకుడు, గుంటూరు