కింద మెట్టు పూడిపోయింది

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషిని. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ముందే ఒక మనవి: వేస్తే పేరూ ఊరూ లేకుండా వేయండి. మా అమ్మకు 84 ఏళ్ళు. రోజూ మీ పేపరు మొదటి పేజీ నుంచి సంతాప ప్రకటనల దాకా అక్షరం వదలకుండా చదువుతుంది. కళ్ళు బాగానే ఉన్నాయి. పేచీ అంతా మోకాళ్ళతోనే.

మాది 150 గజాల్లో కట్టిన మేడ. 1987లో నాన్న కట్టించారు. కింది వాటా అద్దెకిచ్చి పైన మేముంటాం. మెట్లు బయట, నైరుతి మూలన. సవ్యంగా తిరగాలి, లెక్క బేసి రావాలి అన్నారని 17 మెట్లు పెట్టించి మధ్యలో ఒక మలుపు తిప్పారు నాన్న. ఆ మలుపు ఇప్పుడు మాకు ఎన్ని లక్షలకు వచ్చిందో తర్వాత చెబుతాను.

పోయిన కార్తీకంలో తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టడానికి దిగుతూ, ఆఖరి మెట్టు దగ్గర అమ్మ పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు గారు, తుంటి విరగనందుకు సంతోషించండి అన్నారు. ఆరు వారాలకు కట్టు విప్పారు. చెయ్యి బాగైంది గానీ ఆవిడ మళ్ళీ కిందికి దిగలేదు. ఒక తులసి మొక్కను కుండీలో పెట్టి పైకి తెచ్చాం. దణ్ణం పెట్టుకుంటుంది, కానీ కోటలో దీపం కోటలోదే అంటుంది. కూరగాయల బండివాడితో బేరం పిట్టగోడ మీంచే. తోటకూర కట్ట వడిలిందో లేదో పై నుంచి ఏం తెలుస్తుందని విసుక్కుంటుంది. ఆవిడ మాటలోనే చెప్పాలంటే, "ఎక్కడానికి ఆయాసమేరా, దిగడానికే భయం."

మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. మామ్మకు స్టెయిర్ లిఫ్ట్ పెట్టించేయండి నాన్నా, ఇక్కడ మా పక్కింటావిడ రోజూ అందులోనే దిగుతుంది అని ఫోనులో వీడియో కూడా చూపించింది. తెలియనివారి కోసం రెండు మాటలు. మెట్ల మీద ఒక పక్కగా పట్టా బిగిస్తారు, దాని మీద కుర్చీ నడుస్తుంది. గోడ మీద భారం ఉండదు, మెట్లకే బిగింపు. బ్యాటరీ మీద పోతుంది కాబట్టి కరెంటు పోయినా మధ్యలో ఆగదు. చేతి దగ్గరి మీట నొక్కి పట్టుకున్నంతసేపే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. కాళ్ళ దగ్గర ఏదైనా అడ్డం తగిలినా ఆగుతుంది. వాడని వేళ కుర్చీ మడిచి పెట్టుకోవచ్చు.

కొలతలు తీసుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. మెట్టు మెట్టుకూ టేపు పెట్టి రాసుకుంటూ కిందికి దిగి, "సార్, అన్నీ ఏడున్నర అంగుళాలు ఉన్నాయి, కింద మెట్టు ఒక్కటే నాలుగున్నర. ఇక్కడే పడ్డారా పెద్దావిడ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏడేళ్ళుగా ఎక్కి దిగుతున్న మెట్లు. ఏడున్నరకు అలవాటుపడ్డ కాలు చీకట్లో నాలుగున్నర దగ్గర నేలను తన్నుకుంటే, ఆ వయసులో మనిషి నిలదొక్కుకుంటుందా!

ఆ మెట్టును అలా కట్టింది మేస్త్రి కాదు. మా వీధిలో సిమెంటు రోడ్డు రెండుసార్లు వేశారు, రెండోది మొదటిదాని నెత్తినే వేశారు. పాతది చెక్కి తీయాలన్న ఆలోచనే లేదు. వానొస్తే నీళ్ళు వాకిట్లోకి వస్తున్నాయని మేమూ వాకిలి ఎత్తు చేయించుకుంటూ పోయాం, మొత్తం అడుగున్నర. అందులో రెండు మెట్లు పూర్తిగా, మూడోది సగం కాకపోయినా అందాకా పూడిపోయాయి. 17 మెట్లు 15 అయ్యాయి. బేసి లెక్క మాత్రం చెడలేదు, నాన్న ఉంటే సంతోషించేవారు.

కింది వాటాలోకి మారిపోవచ్చుగా, అద్దెవాళ్ళను పైకి పంపొచ్చుగా అని మీ పాఠకులు అడుగుతారు. మేమూ అదే అనుకున్నాం, అద్దెవాళ్ళూ సరేనన్నారు. కానీ ఒకప్పుడు రెండడుగులున్న అరుగు ఇప్పుడు వాకిలి మీద అరడుగే మిగిలింది. గట్టి వాన పడితే మురుగునీరు గడప దాటి గదుల్లోకి వస్తుంది. రెండేళ్ళ క్రితం అద్దెవాళ్ళ మంచాల కింద చెప్పులు తేలాయి. 84 ఏళ్ళ మనిషిని అర్ధరాత్రి ఆ నీళ్ళలోంచి ఎక్కడికి మోసుకెళ్ళను? పడిందీ ఆ రోడ్డు వల్లే, కిందికి మారలేకపోయిందీ ఆ రోడ్డు వల్లే.

పోనీ చిన్న లిఫ్టు పెడదామంటే ఇంటికీ ప్రహరీకీ మధ్య జాగా లేదు. ఇక మిగిలింది కుర్చీ. మలుపు లేని మెట్లకైతే తక్కువలో పోయేది. మలుపుకు తగ్గట్టు పట్టా వంచి చేయించాలంటే రూ.7.50 లక్షలన్నారు. లేదూ, కింది వరసకొకటి, పై వరసకొకటి రెండు తిన్నని పట్టాలు వేసి, మధ్యలో దిగి రెండో కుర్చీలో కూర్చునేట్టయితే రూ.5.60 లక్షలు. దీని మీద జీఎస్‌టీ 18 శాతం. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే తగ్గిస్తామని రోజుకు రెండు ఫోన్లు. ఆ నెలాఖరు వెళ్ళిపోయి, ఇంకో నెలాఖరు కూడా వచ్చింది, తగ్గింపు అలాగే ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక రాత్రి నేనూ మా తమ్ముడూ హాల్లో కూర్చుని లెక్క వేశాం. పట్టాను మా మెట్లకు తగ్గట్టు కోస్తారు కాబట్టి తర్వాత అమ్మితే పెద్దగా రాదు. అమ్మకు 84. అయిదేళ్ళు అనుకుంటే ఏడాదికింత, పదేళ్ళయితే ఇంత. తమ్ముడు కాగితం మీద భాగహారం కూడా చేశాడు. గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది: "మూడేళ్ళకు కూడా వేసి చూడండ్రా, ఎంతొస్తుందో." మేమిద్దరం తలెత్తలేదు. ఆ కాగితం చించేశాను గానీ, ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

పొద్దున్నే మా ఆవిడ కాఫీ ఇస్తూ, "అత్తయ్యగారొక్కరికేనా? మార్కెట్టు సంచీతో ఆ మెట్లు ఎక్కేదెవరు? నా మోకాళ్ళకు కూడా కలిపి లెక్కేసుకోండి" అంది. ఆవిడకు 61, నాకు 65. నిజమే, కాగితం మీద మమ్మల్ని మేమే వేసుకోలేదు.

అందుకని పెట్టించాలనే నిర్ణయించాం. రెండు పట్టాల పద్ధతే. మధ్యలో దిగి మారడం అమ్మ చేయగలదా అన్నది ఒక్కటే బెంగ. వాకర్ పట్టుకుని హాల్లో ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి రోజూ మారి చూపిస్తోంది, అంటే ఒప్పుకున్నట్టే. కొనే ఉద్దేశం ఉన్నవారికి నా సలహా ఒకటే: అమ్మేవాడితో మాట్లాడకముందు మీ మెట్లను మీరే టేపు పెట్టి కొలవండి. కడ్డీ రెండు పక్కలా ఉందో లేదో చూడండి. మాకు ఒక పక్కే ఉండేది, అదీ దిగేటప్పుడు ఎడమ చేతికి. అమ్మ కుడిచేతి వాటం. రెండో కడ్డీకి, పైనా కిందా వెలిగే లైటుకీ కలిపి పాతిక వేలు కూడా కాలేదు. ఈ పని పదేళ్ళ క్రితమే చేసి ఉండాల్సింది. బయటి మెట్లయితే ఎండకూ వానకూ తట్టుకునే రకం అడగండి. మా వైపు మే నెలలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుంటేనే వాతలు తేలతాయి.

ఇక పెద్దలకు నా విన్నపం. చక్రాల కుర్చీ మీద జీఎస్‌టీ 5 శాతం. అదే మనిషిని మెట్లు దించే కుర్చీకి 18 శాతం వేసి నా చేతికి కొటేషన్ ఇచ్చారు. ఇంగ్లండులో 60 దాటినవారి ఇంట్లో ఇది బిగిస్తే పన్ను 20 శాతం బదులు 5 శాతమే, ఆదాయాన్ని బట్టి స్థానిక కౌన్సిల్ సాయం కూడా ఉంటుందని అమ్మాయి చెప్పింది. అంత సాయం నేను అడగను. పేద వృద్ధుల కోసం కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించింది. చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్ళు, కళ్ళజోళ్ళు ఇస్తారు. మంచి పథకం. కర్ర చేతికొచ్చిన ముసలమ్మ ఏ మెట్టు మీద ఆనించాలన్నది మాత్రం అందులో లేదు. మెట్టు పక్కన కడ్డీ వేయించుకోవడానికి నాలుగు వేలిచ్చినా ఎన్నో మణికట్లు మిగులుతాయి.

రోడ్లు వేసేవారికైతే ఒక్కటే చెబుతాను. కొత్త పొర వేయబోయే ముందు పాత పొరను చెక్కి తీయండి. వీధిలో మీరు ఎత్తిన ప్రతి అంగుళం ఎవరో ఒకరి గడప నుంచి తీసుకున్నదే.

కుర్చీలు వచ్చే నెల మొదటి వారంలో బిగిస్తామన్నారు. ఈలోగా ఆ కింద మెట్టు సంగతి తేల్చాలి. తాపీ మేస్త్రి చూసి, నాలుగున్నర అంగుళాల ఎత్తుకు నాలుగున్నర అడుగుల పొడవున వాలు పోస్తే మెట్టన్నదే ఉండదు, వాకర్‌తో సాఫీగా వచ్చేయొచ్చు అన్నాడు. అడ్డం తులసికోట. రెండడుగులు పక్కకు జరుపుదామంటే అమ్మ ససేమిరా అంది, వాలునే కోట పక్కగా తిప్పమంది. సవ్యంగానే తిరుగుతోంది. అది కూడా చూసుకుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
తూర్పు గోదావరి జిల్లా